మూడు గంటలు అదే అంకె

మా చెల్లెలి కూతురు ఉత్తరాన ఒక కొండ నది మీద నీటిమట్టం కొలుస్తుంది. గంటకోసారి గట్టు దిగి, నీళ్లలో నాటిన కొలత పలక చూసి, వైర్‌లెస్‌లో అంకె చెబుతుంది. అది ఇంటర్నెట్‌లో కనిపిస్తుంది. అశోక్ నగర్‌లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేను దాన్ని నోటుబుక్కులో ఎక్కిస్తాను. నన్నెవరూ అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఉద్యోగంలో ఇలాంటి నీటిమట్టాల పుస్తకాలు తనిఖీ చేసిన చెయ్యి ఊరుకోదు.

ఆ శ్రావణ మంగళవారం అక్కడ కుండపోత. ఆరింటికి 3.82 మీటర్లు. ఏడింటికి 4.09. ఎనిమిదింటికి 4.37. తొమ్మిదింటికీ 4.37. పదింటికి అదే, పదకొండింటికి అదే.

ఫోను పద్నాలుగుసార్లు చేశాను. కలవలేదు.

పైన కిరాయికుండే ఆమె చిక్కడపల్లి మార్కెట్ నుంచి వస్తూ తొంగిచూసింది.

"పరేషాన్ ఎందుకక్కా? నీళ్లు పెరుగుతలేవంటే మంచిదే గద."

"వానల కొండ నది గట్ల నిలబడది."

"నీకు చెప్పకుండ నిలబడ్డదేమో," అని మెట్లెక్కింది.

ఉద్యోగంలో ఇలాంటి వరస కనిపిస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టేదాన్ని. నదికి పోకుండా పాత అంకె దింపేవాళ్ల పని అది. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచి నూరిపోశాను, చూడనిది రాయొద్దని. తను రాయదు. అంటే ఈ మూడూ రాసింది తను కాదు, ఆఫీసులో ఇంకెవరో నింపారు. అంటే అంకె చెప్పడానికి తను గట్టు మీద లేదు. లెక్క అక్కడికి తేలాక పదిహేనోసారి ఫోను చేశాను.

పన్నెండింటికి ఇంటర్నెట్‌లో గడి ఖాళీ. ఒంటిగంట, రెండు, మూడు, అన్నీ ఖాళీయే. పొయ్యి వెలిగించలేదు. అద్దాలు తుడిచి మళ్లీ చూశాను, ఖాళీ గడిలో ఏదో ఉన్నట్టు.

నాలుగూ పదికి ఎవరిదో నంబరు నుంచి ఫోను.

"పెద్దమ్మా, నేనే. పలక కాడికి దిగే మెట్లు కొట్టుకపోయినయ్. పన్నెండుకు వైర్‌లెస్ బ్యాటరీ కూడ అయిపోయింది."

"తొమ్మిదింటి నుంచి అంకెలు రాసిందెవరు?"

"నేనే. మెట్లు పోయినయని పై ఆఫీసుకు తొమ్మిదింటికే చెప్పిన. కింది ఊళ్లు ఖాళీ చేయిస్తున్నరు. అంకె మాత్రం నీ కోసం పాతదే పెట్టమన్న. సున్నా చుట్టినవా?"

"మూడు చుట్టిన. చూడనిది ఖాళీ పెట్టాలె."

"ఖాళీ చూసి నువ్వు ఊకుంటవా?"

"ఇప్పుడు మట్టమెంత?" అన్నాను.

"తెల్వదు పెద్దమ్మా. పలక కనిపిస్తలేదు."

నాలుగింటి గడిలో 'తెలియదు' అని రాసి, కలం మూత పెట్టాను.