మాట్లాడే కంప్యూటర్‌కు ఒక కూలర్

మామిడిపండ్ల ఫ్యాక్టరీలో పని ముగించుకుని నేను ఇంటికి వచ్చేసరికి ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని టైప్ చేస్తున్నాడు. వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ కీబోర్డు మీద పరిచి, తల కొంచెం పక్కకు వంచి. స్క్రీన్ నల్లగా ఉంది. పెట్టెకు ముందు వెలగాల్సిన పచ్చ దీపం వెలగడం లేదు. పైన సీలింగ్ ఫ్యాన్ మాత్రం కిర్రుమంటూ తిరుగుతోంది.

"మామా" అన్నాను.

"ఉండు మే. ఈ పేరా అయిపోతే చదివించి చూస్తాను. ఈపొద్దు వేళ్లు బాగా తిరగతా ఉండాయి."

కంప్యూటర్ ఆగిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎంతసేపటి నుంచి అలా కొడుతున్నాడో తెలియదు. చివరికి ఆయనే వినడానికి మీట నొక్కాడు. కంప్యూటర్ గొంతు పలకలేదు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎప్పుడు ఆగిపోయినాది?"

"నాకు తెల్దు మామా. నేను ఇప్పుడే వచ్చినాను."

ఆయన నాకు మేనమామ. మా అమ్మకు తమ్ముడు. మా ఇద్దరికీ పెళ్లయ్యాక హోసూరులో కాపురం పెట్టాం. ఒక ఫ్యాక్టరీలో తయారైన సామాన్ల కొలతలు చూసే పని ఆయనది. వెంట్రుకలో సగం తేడా ఉన్నా పట్టుకునేవాడు. కొన్నేళ్లకు పక్కనుంచి వచ్చే మనుషులకు గుద్దుకోవడం మొదలుపెట్టాడు. పరధ్యానం అనుకున్నాం. కంట్లో నీటి ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని డాక్టరు చెప్పేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వచ్చి, ఒక దీపావళి దాటాక పూర్తిగా పోయింది. హోసూరు ఇల్లు ఖాళీ చేసి, కృష్ణగిరిలో కొండ కింది వీధిలో, మా అమ్మ ఇంటికి దగ్గరగా రేకుల ఇంటికి వచ్చేశాం.

ఫ్యాక్టరీలో ఒక ఆఫీసరు మంచివాడు. కంప్యూటర్ నేర్చుకుని వస్తే స్టోర్సులో కూర్చోబెట్టే ప్రయత్నం చేస్తానన్నాడు. జూన్ ఆఖరు దాకా ఆయన పేరు తీసేయకుండా చూస్తానన్నాడు. మామ బెంగళూరులో చూపులేనివాళ్లకు నేర్పే చోట కొన్నాళ్లు ఉండి నేర్చుకున్నాడు. తోటి పనివాళ్లు అందరూ కలిసి ఒక పాత కంప్యూటర్ కొనిచ్చారు. తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను బెంగళూరు మాస్టరు అందులో వేసి పంపాడు. అక్షరం అక్షరం పలికిస్తూ కూర్చుంటే వేగం రాదని, ఆ పలకడం ఆపేసి, ఒక పేరా కొట్టాక ఒక్కసారి వినమని చెప్పాడు. అందుకే పెట్టె మధ్యలో ఆగిపోయినా ఆయనకు తెలిసేది కాదు. కరెంటు పోతే సీలింగ్ ఫ్యాన్ ఆగుతుంది కాబట్టి తెలుస్తుంది. ఇది అలా కాదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ చచ్చిపోయి ఉంటుంది.

అప్పటికి మే నెల. కృష్ణగిరి ఎండ హోసూరు ఎండలాంటిది కాదు. పగలంతా రాతికొండ కాగి, ఆ వేడి మా వీధిలోకి దిగేది. మధ్యాహ్నం రేకుల కింద నిలబడితే నెత్తి మాడేది. కంప్యూటర్ మొదట రోజుకు ఒకసారి ఆగేది. తర్వాత రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత పొద్దున పదకొండు దాటితే అసలు నిలిచేది కాదు.

బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించాను. పెట్టె పక్క రేకు విప్పి లోపల చూపించాడు. ప్రాసెసర్ అనే చిన్న బిళ్ల, దాని మీద అల్యూమినియం రెక్కల దిమ్మ, ఆ దిమ్మ మీద ఫ్యాన్; ఆ రెండూ కలిపి కూలర్ అట. బిళ్ల వేడి దిమ్మలోకి ఎక్కాలి, ఫ్యాన్ గాలి దాన్ని బయటికి తోయాలి. మా వీధి చివర గ్రానైటు కోసే చోటు ఉండేది. ఆ తెల్లటి పొడి రెక్కల మధ్య అట్టగా పట్టి ఉంది.

"వేడి ఎక్కువైతే అదే ఆగిపోతుందమ్మా. ఆగకుంటే కాలిపోతుంది" అన్నాడు. పొడి ఊదేసి, బిళ్ల మీద వేడిని దిమ్మకు అందించే కొత్త పేస్ట్ పూసి బిగించాడు. ఎన్ని డిగ్రీలుందో తెర మూలన చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి వేసి వెళ్లాడు.

రెండు రోజులు బాగుంది. మూడో రోజు మళ్లీ ఆగింది.

పక్క రేకు విప్పేసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. ఆగడం తగ్గింది కానీ ఆ గాలి హోరులో గొంతు వినపడలేదు. బస్టాండతను వేగంగా తిరిగే చిన్న కూలర్ ఒకటి తెచ్చి వేశాడు. డిగ్రీలు దిగాయి. కానీ అది గట్టిగా ఈల వేసినట్టు అరిచేది. ఆ ఇంగ్లీషు గొంతు అసలే వేగంగా మాట్లాడుతుంది. ఆయన చదివింది వేప్పనపల్లిలో, తెలుగు బడిలో. ఒక్కో మాటా రెండుసార్లు వింటే తప్ప పట్టుకోలేడు. ఆ అరుపులో ఏమీ పట్టుకోలేకపోయాడు.

"చెవులకు పెట్టుకునేది తెచ్చినాను, ఇది పెట్టుకో మామా" అని హెడ్‌ఫోన్ ఇచ్చాను.

పెట్టుకున్నాడు. కాసేపటికే ఊడబీకి విసిరేశాడు.

"నువ్వు యాడుండావో తెల్లేదు. తలుపు తెరిచి ఉండాదో మూసి ఉండాదో తెల్లేదు. కండ్లు పోయినాయి, చెవులూ మూసేస్తే నేనింక యాడుంటాను మే?"

హెడ్‌ఫోన్ మళ్లీ ఆయన చేతికి ఇవ్వలేదు. ఈల కూలర్ తీయించి పాతదే పెట్టించాను.

మరుసటి వారం నేను వచ్చేసరికి ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్క రేకు విప్పి ఉంది. కుడి చేతి చూపుడు వేలి నుంచి నెత్తురు కారి లుంగీ మీద ఎండిపోయింది. పెట్టె నడుస్తోందా, ఆగిపోయిందా తెలుసుకుందామని లోపలికి వేలు పెట్టాడట. లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉంది.

పసుపు అద్ది గుడ్డ కట్టాను. కట్టనిచ్చాడు.

"అది చచ్చిందో నేను చచ్చినానో నాకు తెల్లేదు మే" అన్నాడు. "తీసేయ్. యాడన్నా ఇచ్చేసి రా. నాకొద్దు."

మా అమ్మ వచ్చి చూసి ఏడ్చింది. "వాడ్ని ఇడిసిపెట్టు. ఇంత వేడిలో మనుషులకే కూలర్ లేదు, దానికొక కూలరా?" అంది. కోపంతో అన్నది కాదు, తమ్ముడి వేలు చూసి తట్టుకోలేక అన్నది. వాళ్లిద్దరి మాటా వినాలని నాకూ అనిపించింది. జూన్ దగ్గరికి వచ్చేస్తోంది. రోజూ ఫ్యాక్టరీలో ఉడుకుతున్న మామిడి గుజ్జు పక్కన నిలబడి నాకు ఒక్కటే ఆలోచన. ఇప్పుడు వదిలేస్తే ఈ మనిషి ఆ కుర్చీలోంచి ఇంక లేవడు.

ఆదివారం హోసూరు బస్సెక్కాను. ఆయన పాత స్నేహితుడొకాయన చెప్పిన కొట్టుకు వెళ్లి, నాకు కావలసింది ఏమిటో చెప్పాను. ఆగిపోకూడదు, అరవకూడదు. రెండూ కావాలి. కొట్టాయన నవ్వలేదు. రాగి గొట్టాలు పైకి లేచి, వాటికి పలచటి రేకులు పొరలు పొరలుగా గుచ్చి, పక్కన పెద్ద ఫ్యాన్ ఉన్న ఎత్తైన కూలర్ తీసి చూపించాడు. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా ఎక్కువ గాలి తోస్తుందని, అందుకే శబ్దం ఉండదని చెప్పాడు.

"నాలుగు మూలలా నాలుగు కాళ్లు. ఒక్కోటి బోర్డు రంధ్రంలోకి టక్కుమని దిగాల. గాలి వెనక్కి పోయేలా ఫ్యాన్ తిప్పి పెట్టు. వారం వాడి చూడమ్మా. పని చేయకుంటే తెచ్చిచ్చేయ్" అన్నాడు.

సోమవారం పనికి పోలేదు. పాతది తీసి, బిళ్ల తుడిచి, శనగగింజంత పేస్ట్ పెట్టి, కొత్తది దించాను. నాలుగు కాళ్లూ నొక్కాను. కూలర్ ఎత్తుకు పక్క రేకు మూయడానికి రాలేదు, తెరిచే ఉంచాను. ఆయన్ను బతిమాలి కుర్చీలో కూర్చోబెట్టాను. మధ్యాహ్నం, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే చూడాలనుకున్నాను. పొడుగాటి పాఠం ఒకటి తెరిచి చదివించమన్నాను. నేను తెర మూలన డిగ్రీలు చూస్తూ పైకి చెబుతున్నాను.

శబ్దం లేదు. గొంతు స్పష్టంగా వినిపించింది. ఆయన మొహం కాస్త విప్పారింది.

కానీ డిగ్రీలు ఎక్కుతున్నాయి. యాభై. అరవై. డెబ్బై. పాత దిమ్మ కంటే త్వరగా ఎక్కుతున్నాయి. ఎనభై దాటాక చెప్పడం మానేశాను.

"ఎంత?" అన్నాడు.

నేను చెప్పేలోపే కంప్యూటర్ గొంతు సగం మాటలో ఆగిపోయింది.

తల గోడకు ఆనించి కూర్చుండిపోయాను. ఇంక నాకు తెలిసింది ఏమీ లేదు. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. కుర్చీ దిగి, తడుముకుంటూ పెట్టె దగ్గరికి వచ్చాడు.

"వైరు పెరికినావా?"

"పెరికినాను."

గుడ్డ కట్టని చేయి లోపలికి పెట్టాడు. రాగి గొట్టాలను కింద నుంచి పైదాకా తడిమాడు.

"అడుగున కాలతా ఉండాది. పైన గొట్టాలు చల్లగా ఉండాయి. వేడి పైకెక్కతా లేదు మే" అన్నాడు. కూలర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిలించాడు. ఇటు ఆనించి, అటు ఆనించి చూశాడు. "ఊగతా ఉండాది. ఈ మూల పైకి లేచి ఉండాది." వేళ్లు ఒక్కో కాలి మీదికీ వెళ్లాయి. నాలుగో కాలి దగ్గర ఆగాయి. "ఇది దిగలేదు."

నేను నొక్కానే అనుకున్నాను. టార్చి వేసి చూశాను. కాలు రంధ్రం మీద నిలబడి ఉంది, లోపలికి పోలేదు. ఒక పక్క లేచి ఉంటే బిళ్లకు దిమ్మ ఎక్కడ తాకుతుంది?

ఆయనే చెబుతుంటే మొత్తం విప్పి, మళ్లీ తుడిచి, మళ్లీ పేస్ట్ పెట్టాను. ఎదురెదురు మూలలు నొక్కమన్నాడు. ఒక్కో కాలూ దిగిన టక్కు ఆయన చెవులతో వింటే తప్ప తర్వాతి దానికి పోనివ్వలేదు. నాలుగూ అయ్యాక మళ్లీ కదిలించి చూశాడు. కదల్లేదు.

మళ్లీ అదే పాఠం. యాభై. యాభై అయిదు. అరవై దగ్గర కాసేపు తచ్చాడి అక్కడే నిలిచింది. రేకులు కాగుతున్నాయి, నా చీర వీపుకు అంటుకుపోయింది, గొంతు ఆగకుండా చదువుతూనే ఉంది. పాఠం పూర్తయ్యి ఇంకోటి మొదలైంది.

"ఎంత?"

"అరవై రెండు."

"ఇంకా పోనీ."

రెండో పాఠం కూడా పూర్తయింది. అప్పుడు ఆయన ఏడ్చాడు. చూపు పోయిన రోజు ఏడవలేదు, వేలు తెగిన రోజు ఏడవలేదు. నేను లేచి పోయి నీళ్లు తెచ్చిచ్చాను.

ఆ వారం రోజూ మధ్యాహ్నాలు పరీక్షించాం. గ్రానైటు పొడి తెరిచిన పక్కనుంచి లోపలికి వస్తుంటే పలచటి నూలు గుడ్డ కట్టాం. గుడ్డ కట్టాక డిగ్రీలు కొంచెం పెరిగాయి, అయినా ఆగలేదు. కూలర్‌ను కొట్టాయనకు తిరిగి ఇవ్వలేదు. ఆయన పొద్దున కూర్చుంటే నేను పని నుంచి వచ్చేదాకా కొడుతూనే ఉండేవాడు. అయినా భయం పోలేదు. జూన్ ఆఖరు దగ్గరపడుతోంది, ఆయన వేగం అంతంతమాత్రమే, కాగితం మీద చదివి చెప్పేవాళ్లు లేకుండా స్టోర్సు లెక్కలు ఎలా ఎక్కిస్తాడో ఇద్దరికీ తెలియదు.

జూన్ ఆఖర్లో హోసూరుకు వెళ్లాం. నేను గేటు దగ్గర చెట్టు నీడలో కూర్చున్నాను. ఆయన్ను లోపలికి తీసుకుపోయారు. చాలా త్వరగా తిరిగి వచ్చాడు. ఆ నడక చూసి కుదరలేదనుకున్నాను.

"ఏమన్నారు మామా?"

"కంప్యూటర్ గురించి అడగనే లేదు." ఆయన గొంతులో సంతోషం కూడా లేదు. "స్టోర్సులో ఎవర్నో పెట్టేసినారంట. టెలిఫోన్ బోర్డు కాడ కూర్చుంటావా అన్నారు. తమిళం, కన్నడం, తెలుగు వస్తాయి గదా అన్నారు. సరే అన్నాను."

తిరుగు బస్సెక్కాం. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గురుబరపల్లి దాటాక ఆయన, "అయినా అది ఆగకుండా నడిచినాది గదా" అన్నాడు, నాతోనో తనతోనో.

మళ్లీ హోసూరుకు ఇల్లు మార్చాం. దారి కుదుపులకు బోర్డు విరుగుతుందని కూలర్ విప్పి నా ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను.

ఆయన పనిలో చేరిన రోజు నేను ఉండబట్టలేక వీధి చివర కాయిన్ బాక్సు నుంచి ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. రెండుసార్లు మోగింది. ఆయన గొంతు ఫ్యాక్టరీ పేరు ఇంగ్లీషులో చెప్పి, "యారు వేణుమ్?" అని, ఎవరు కావాలో తమిళంలో అడిగింది. నేను రిసీవరు చెవికి నొక్కుకుని వింటున్నాను. ఇంకోసారి కన్నడంలో అడిగాడు.

"మామా, నేనే."

"మే, పెట్టేయ్. ఇంకో లైను మోగతా ఉండాది" అన్నాడు.