లో-యాంగిల్ పిలగాడు

నవ్వొద్దు, ముందే చెప్తున్న. పోయిన శనివారం మా తమ్మునికి పిల్లను చూడపోయి, పిల్ల ఇంట్లనే కూసోని పిలగాన్ని మూరెడు పొట్టి జేసి వచ్చిన. నోరు ఊకోదు కదా నాది. పాఠాలు చెప్పేటోళ్లకు గిదే బీమారి. ఎవరన్న ఒక్క ప్రశ్న అడిగితే సాలు, సిలబస్ అయిపోయేదాక ఆగం.

మా తమ్ముడు అజయ్ లక్సెట్టిపేటల కరెంటు పని చేస్తడు. ఆదివారం చర్చి క్వైర్ల పాడుతడు, మిగిలిన దినాలు ర్యాప్. కాగజ్‌నగర్ పిల్ల రూతును ఒక పెండ్లిల చూసిండు, గప్పటి సంది వానికి అన్నం సయిస్తలేదు. పిల్ల నర్సు, ఇంటిల్లిపాది భక్తిపరులు, మా అవ్వ బాపు కూడ మస్తు ఖుషి. గీ సంబంధం తప్పితే వాడు ఇగ పెండ్లే వద్దంటడని అందరికి ఎరుకే.

వాని ర్యాప్ వీడియోకు డైరెక్టర్ ఎవరనుకున్నరు? నేనే! పెండ్లయి కరీంనగర్ల ఉంటున్న కదా, ఆడ డిగ్రీ పిల్లలకు మీడియా పాఠం చెప్తా. వీడియో తీసిన నెల క్లాసుల హిప్-హాప్ వీడియోల పాఠమే నడుస్తుండె. వాటి రివాజులేంది, కెమెరా ఏడ పెడ్తరు, రంగులెట్ల మారుస్తరు, గదంత. ర్యాపర్ నవ్వొద్దు. మెడల లావు చైను ఉండాలె. ఎనుక కారు, కారు ముంగట దోస్తులు చేతులు కట్టుకోని నిలవడాలె. పొగ లేవాలె. క్లాసుల చెప్పిందంత తెచ్చి గోదావరి ఇసుకల దింపిన. దోస్తులు యాడికెళ్లి వస్తరు? క్వైర్ పిలగాండ్లనే తెల్లంగీలు తొడిగి వరుసగ నిలవెట్టిన.

గదే కొంప ముంచింది. పిల్ల తండ్రి దేవదానం అంకుల్, బాబు చర్చిల పాడిన పాట ఉంటే పంపుండ్రని అడిగిండు. నేను బస్సుల ఉన్న. ఫోన్ల రెండు వీడియోలు పక్కపక్కన. రెండిట్ల గూడ తెల్లంగీలోళ్లు వరుసగ, ముంగట మావోడు. ఒకటి నొక్కిన, పోయింది. అటుకెళ్లి దండం బొమ్మ వచ్చింది. ఆహా, పాటకు కరిగిపోయిండ్రనుకోని కిటికీకి తల ఆనిచ్చి నిద్రపోయిన.

శనివారం రైలెక్కి పోయినం. ప్రార్థన అయింది, చాయ్ వచ్చింది. రూతు తలుపు కాడ నిలవడ్డది. అంకుల్ రిమోట్ తీసి, "మీరు పంపిన పాట చూసినం, కొన్ని ముచ్చట్లు అడిగేదుంది," అనుకుంట టీవీ పెట్టిండు. ఇంకేముంది, గోడంత టీవీల మావోడు! పొగల నుంచి ఎవరినో కొట్టేతట్టు నడుసుకుంట వస్తుండు. అవ్వ చేతుల కప్పు ఆన్నే ఆగింది. బాపు ఫ్యాను దిక్కు చూసిండు. ప్రార్థన అప్పుడన్న గంత నిష్ఠగ పైకి చూడలే ఆయన.

బాబుకు గంత కోపమెందుకని అంకుల్ అడిగిండు. నాకు పానం లేచొచ్చింది. ఇది నా సబ్జెక్టు కదా! "అంకుల్, గోడమీది మీ పెండ్లి ఫొటోల మీరు గూడ నవ్వలే. గది గప్పటి రివాజు, గిది గీ పాటల రివాజు," అన్న. పక్కనున్న ఆంటీ, రూతు తల్లి, కిసుక్కున నవ్వింది. ఎనుక నిలవడ్డోళ్లు రౌడీలా అని అడిగితే, మా క్వైర్ పిలగాండ్లని పేరు పేరున చూపెట్టిన. అంకుల్ మొకం విచ్చుకున్నది. గాడ ఆగితే అయిపోతుండె. ఆగుతనా నేను?

కారు మంచిగున్నది, బాబుదేనా అని ఆంటీ ముద్దుగ అడిగింది. అవ్వ "ఆఁ..." అని ఏదో అందుకునేలోపట నేను దూరిన. గీ రకం వీడియోలల్ల కారంటే కారు కాదు ఆంటీ, దర్జాకు గుర్తు అన్న. గది పక్కింటి రాజన్నదనీ, ఆయన దుబాయిల ఉంటే ఇది షెడ్డుల ఉంటదనీ, స్టార్ట్ కాకపోతే క్వైరంత కలిసి ఇసుక దాక నూకిండ్రనీ చెప్పిన. అవ్వ నా తొడ గిల్లింది. చైను సంగతి అడిగిండ్రు. ధర్మపురి జాతరల కొన్న గిల్టు చైను, మాపటికల్ల మెడ పచ్చగైందన్న. ఆంటీ టీవీల మొకం చూసింది, అజయ్ మొకం చూసింది. రంగు జర తేడా ఉన్నదే అన్నది. గది కలర్ గ్రేడింగ్, కంప్యూటర్ల రంగు మార్చుడని, ఫోన్ల తీసి మార్చకముందు మొకం, మార్చినంక మొకం చూపెట్టిన గూడ.

అంకుల్ కండ్లద్దాలు సదురుకున్నడు. "మంచిదే గని, బాబు టీవీల తాటిచెట్టంత కనవడ్తుండు. ఈడ..." అని ఆగిండు. ఒక్క క్షణమన్న ఆలోచిస్తరు మీరైతే. నేను లేచి, వాళ్ల బండలమీద ఎల్లెలుకల పండుకోని, ఫోను పైకి పట్టి, గిట్ల కిందికెళ్లి తీస్తే ఎవరైనా ఎత్తే కనవడ్తరు, దీన్నే లో-యాంగిల్ అంటరని చేసి చూపెట్టిన. పట్టుచీర, పిల్లను చూడవచ్చిన ఆడబిడ్డను, నేలమీద!

"అంటే బిడ్డా," అంకుల్ మెల్లగ అడిగిండు, "ఎత్తు గూడ బాబుది కాదా?"

అజయ్ కుర్చీల ఇంకింత కుంగిండు. గప్పుడు తెలివొచ్చింది నాకు. కారు పాయె, చైను పాయె, రంగు పాయె, ఎత్తు పాయె. పాఠం నూటికి నూరు పాళ్లు కరెక్టు, పిలగాడే మిగల్లే. సిగ్గుతోని లేవబుద్ధి కాక జరసేపు ఆడనే పండుకున్న.

"మరి గిండ్ల బాబుది ఏముంది?" అన్నడు అంకుల్.

అజయ్ తల ఎత్తకుంటనే, "గొంతు నాదే అంకుల్," అన్నడు.

తలుపు కాడి నుంచి రూతు అన్నది, "డాడీ, పెండ్లిల గీయన పాడంగ నేను విన్న. గప్పుడు కారు లేదు, చైను లేదు." అంకుల్ టీవీ బంద్ జేసి పాడుమన్నడు. బీటు లేదు, పొగ లేదు. వాడు కండ్లు మూసుకోని క్వైర్ పాట ఒకటి ఎత్తుకున్నడు. అబ్బ, ఏం పాడిండు! నాకే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మల్ల చెప్తమని సాగనంపిండ్రు. రైల్ల అవ్వ బాపు నాకు ఈపు పెట్టి కూసున్నరు. అజయ్ అయితే వేరే సీట్ల కూసున్నడు.

నిన్న ఫోనొచ్చింది. స్పీకర్ల పెట్టిండు బాపు. నేను అవ్వ పక్కన చిక్కుడుకాయ ఇరుస్తున్న. కరీంనగర్ నుంచి వారం వారం పుట్టింటికి పోతా కదా.

"పిలగాడు పసందే బావా," అంటుండు అంకుల్. "ఒక్క ముచ్చట సాఫ్‌గ అడుగుతున్న, ఏమనుకోకుండ్రి. గా ఆడబిడ్డ పుట్టింటికి ఎప్పుడెప్పుడు వస్తది?"

బాపు నా దిక్కు చూడను గూడ చూడలే. "క్రిస్మస్‌కే బావా," అన్నడు.

"అది గూడ పొద్దున వచ్చి మాపటికి పోతది," అని అవ్వ అందుకున్నది.

అంత కష్టపడి వీడియో తీసిన. ఎడిటింగుల కట్ అయింది నేనొక్కదాన్నే.