పొగ వైపు కూర్చున్న నర్సమ్మ

జెజు దీవి తూర్పు ఒడ్డున ఉన్న చిన్న ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా నర్సు బూ మిర్యంగ్. ఆవిడది పెద్ద నోరు, చెయ్యి మాత్రం దూది. సూది గుచ్చిన సంగతి అక్కడే మరిచిపోతారు గానీ, ఆవిడ పెట్టిన చీవాట్లు వారం దాకా చెవుల్లో మోగుతూనే ఉంటాయి.

కొత్తలో ఆవిడకు అడగడం చేతనయ్యేది కాదు. నగరంలో నేర్పినట్టు కాగితం ముందు పెట్టుకుని వరసగా ప్రశ్నలు వేసేది. సముద్రంలో మునిగి నత్తలూ శంఖులూ ఏరుకొచ్చే ఆడవాళ్లు అన్నిటికీ ఒకటే జవాబు చెప్పేవారు, ఏం లేదని. చెవిలో చీము కారుతున్నా ఏం లేదు. నిజం చెబితే నీళ్లలోకి దిగనివ్వరని వాళ్ల భయం మరి.

ఆ ఏడు శంఖుల వేట రేపు మొదలవుతుందనగా ఓక్‌చున్ దగ్గు మందుకొచ్చింది. డెబ్బై నాలుగేళ్ల మనిషి, ఆ ఒడ్డున అందరికంటే లోతుకు దిగే మొనగత్తె. లేచి వెళ్తూ గుమ్మం పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. మిర్యంగ్ ఊరుకోలేదు. ఆరుగురు ఆడవాళ్లు చూస్తుండగా కళ్లు తిరుగుతున్నాయా పెద్దమ్మా అని అడిగేసింది.

"తిరిగేది నీ నాలుకే," అంది ఓక్‌చున్. అందరూ పగలబడి నవ్వారు. ముసలావిడ చక్కా వెళ్లిపోయింది.

మొనగత్తెను పట్టుకుని నలుగురిలో ఆ మాట అడుగుతారా, బుద్ధుండక్కర్లా! మిర్యంగ్ తనను తానే తిట్టుకుంది. నీళ్ల అడుగున తల తిరిగితే ఆ మనిషి ఇక పైకి రాదు.

తెల్లారి వేటకు ముందే, ఒడ్డున రాళ్ల గోడ మధ్య వాళ్లు చలి కాచుకునే మంట దగ్గరికి ఉడికించిన చిలగడదుంపలు పట్టుకెళ్లింది. అక్కడ ఎవరి చోటు వాళ్లది. పొగ రాని వైపు మొనగత్తెలు, పొగ కొట్టే వైపు కొత్తవాళ్లు. మిర్యంగ్ పోయి పొగ వైపు చతికిలబడింది. కళ్లల్లో నీళ్లు కారుతున్నా ఆరోగ్యం ఊసెత్తలేదు. దుంపల తీపి గురించీ ఒకావిడ అల్లుడి బద్ధకం గురించీ మాట్లాడింది. ఆ తర్వాత, నీళ్లలో పక్కామెకు కష్టమొస్తే ఎలా తెలుస్తుందని ఓక్‌చున్‌ను అడిగింది.

ముసలావిడ ఉత్సాహంగా అందుకుంది. పైకి తేలినప్పుడు ఒక్కొక్కరూ వదిలే ఊపిరి ఈల తనకు తెలుసట, ఒక్కటి ఆలస్యమైనా తను ఆ వైపు మునుగుతుందట.

"మరి పక్కావిడ ఒడ్డు మీదే తూలితే, పెద్దమ్మా?"

"జుట్టు పట్టుకుని నీ దగ్గరికి ఈడ్చుకొస్తా."

మిర్యంగ్ దుంప తొక్క తీస్తూ కూర్చుంది. ఓక్‌చున్ తలకున్న రబ్బరు టోపీ లాగేసింది.

"పద. నా జుట్టు నేనే పట్టుకొస్తా."

ఆసుపత్రిలో తలుపు మూశాక, మిర్యంగ్ అడగకుండానే ముసలావిడ చెప్పింది. "తల తిరగడం మొదలై పది రోజులైందే. మొన్న నత్తలకు దిగినప్పుడు నీళ్లలో కూడా తిరిగింది. భయమేసింది. ఎవరికీ చెప్పకు."

రక్తపోటు రెండు వందలు దాటింది. డాక్టరు మందులు రాసి, రెండు నెలలు సముద్రం వద్దన్నాడు. మిర్యంగ్‌కు చీవాట్లన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి గానీ మింగేసి, ముసలావిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఆ రెండు నెలలూ ఓక్‌చున్ రోజూ ఒడ్డుకొచ్చి, పొగ రాని తన చోట్లోనే కూర్చుని అందరి నడకా గమనించింది. తూలిన ముగ్గురిని తనే ఆసుపత్రికి తీసుకొచ్చింది. ఏం లేదని ఎవరైనా అనబోతే, పొడుచుకు తినేలా చూసేది.