బాలమణక్క సూది, సునీత మేడమ్ కిస్మిస్

ముందుగా ప్రమాణం చేస్తున్నాను. నా కుడిచేతి మీద, ఆ చేతితో ఇప్పటిదాకా గుచ్చిన సూదులన్నిటి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. రమణ చెప్పేదాంట్లో సగం తీసెయ్యమని మా యూనిట్‌లో ఎవరైనా అంటారు. ఈసారికి తీసెయ్యకండి.

మూడేళ్ల కిందటి వానాకాలం. సికింద్రాబాద్‌లో, బన్సీలాల్‌పేట్ నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉన్న చిన్న ఆసుపత్రిలో నేను డయాలసిస్ టెక్నీషియన్‌ని. ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు. కిడ్నీలు పాడైనవాళ్లు వారానికి మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు పడుకుంటారు. రక్తం మిషన్‌లోకి వెళ్లి, శుభ్రపడి తిరిగి ఒంట్లోకి వస్తుంది. దానికి దారి ఫిస్టులా. చేతిలో ధమనిని సిరకు కలిపి కుడితే ఆ సిర తాడులా లావెక్కుతుంది. వేలు ఆనిస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. అందులోకి ప్రతిసారీ రెండు సూదులు దించాలి. అవి గోనెసంచులు కుట్టే దబ్బనానికి చెల్లెళ్లు.

బన్సీలాల్‌పేట్‌లో జాకెట్లు కుట్టే బాలమణక్కకు రోజంతా సూదితోనే పని. కానీ తన చేతిలోకి దిగే సూదిని చూస్తే ప్రాణం పోయేది. అందుకే నా కథలు. బేగంపేట పాత ఎయిర్‌పోర్టులో మా బాబాయి లుంగీ విమానానికి తగులుకుందనీ, ఆయన దాన్ని వదలకుండా పట్టుకుని వైజాగ్‌దాకా ఎగిరి, అక్కడ ఇడ్లీ తిని రైల్లో తిరిగొచ్చాడనీ చెప్పేవాణ్ని. "లుంగి చినగలేదా తమ్మీ?" అని ఆమె నవ్వేలోపు సూది దిగిపోయేది.

"నువ్వుంటెనే చెయ్యిస్త. వేరేటోళ్లొస్తే లేసి పోత" అనేది. ఆ మాట విన్న పూట నా ఛాతీ యూనిఫాంలో పట్టేది కాదు.

ఆ శ్రావణంలో నాకు డెంగీ వచ్చి వారం పడుకున్నాను. నర్సు మేరీ సూది తీసుకుని వెళితే బాలమణక్క నిజంగానే లేచి వెళ్లిపోయింది. వరసగా రెండుసార్లు డయాలసిస్ మానేసింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మాట కూడా రాని ఆయాసంతో ఎమర్జెన్సీకి తెచ్చారు. చావు తప్పింది. ఫోన్‌లో విని ఏడ్చాను. కళ్లు తుడుచుకుంటూనే, "చూశావా, నేను లేకపోతే అంతే" అని మా ఆవిడతో అన్నాను.

మా డాక్టరమ్మ ఇందులో గొప్పేమీ చూడలేదు. ఏ.ఎస్. రావు నగర్ నుంచి సునీత మేడమ్‌ని రప్పించింది. ఆవిడ నేర్పేదాన్ని ఎంబీఎస్ఆర్ అంటారు. జబ్బుతో బతికేవాళ్లు నొప్పినీ భయాన్నీ తరమబోకుండా, ఊపిరినీ ఒంటినీ గమనిస్తూ వాటి పక్కన కూర్చోవడం నేర్చుకునే ఎనిమిది వారాల శిక్షణ. దానితో జబ్బు తగ్గదు, జబ్బుతోపాటు వచ్చే కంగారు తగ్గుతుంది.

"ఊపిరి పీల్చడం నేర్పడానికి ఒక మేడమా? పుట్టిన రోజు నుంచీ పీలుస్తూనే ఉన్నాం కదే" అన్నాను మేరీతో.

"నీకు కుళ్లన్నా" అంది మేరీ.

మూడో వారం లుంగీ కథకు కొత్త తోక తగిలించుకుని బాలమణక్క మంచం దగ్గరికి వెళ్లాను.

"ఇయ్యాల కత వద్దు తమ్మీ."

"ఏం, పాతబడిందా?"

"జెర సప్పుడు జెయ్యకు. సూదిని సూస్త. నొప్పి యాడ షురూ అయితది, యాడ ఆగుతది, సూడుమన్నది మేడమ్."

చూసింది. కుట్టు సరిచూసుకుంటున్నట్టు తల వంచి చూసింది. సూది దిగింది. "గింతేనా?" అంది. "గింత దానికి ఇన్నేండ్లు పరేషానైతినా!"

మరుసటి వారం నా కళ్లముందే మేరీకి చెయ్యి చాపింది. ఆరేళ్లుగా మా ఇంట్లో భోంచేస్తున్న చుట్టం పక్కింట్లో విస్తరేసుకుని కూర్చున్నట్టయింది. మిగతా మంచాలు కూడా ఒక్కొక్కటే మౌనంలోకి జారుకున్నాయి. నా కథలు ఇక మిషన్లకే చెప్పుకోవాలి. అవైనా అప్పుడప్పుడూ కీమనేవి.

ఒక మధ్యాహ్నం మేడమ్ నా దగ్గరికొచ్చింది. "రమణగారూ, రేపు కిస్మిస్ తెస్తున్నానండి. ఒక్కో పండు చేతిలో పెట్టుకుని, చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమలాలి. ఇంట్లో సాధనకి తలా ఒక పొట్లం కూడా ఇస్తాను. వీళ్లకి ఫరవాలేదు కదా?"

ఫరవా ఉంది. ఎండుద్రాక్షలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తంలో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. ఒక్క పండుతో ఏమీ కాకపోవచ్చు, పొట్లంతో కావచ్చు. పైగా ఆ నెల బాలమణక్క పొటాషియం హద్దు మీదే ఉంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు.

"భేషుగ్గా ఇవ్వండి మేడమ్" అన్నాను. అందరి ముందూ ఆపి, ఈవిడకేమీ తెలియదని తేల్చాలని నా ఎత్తు.

మర్నాడు వెయిటింగ్ హాల్లో పొట్లాలు పంచింది. బాలమణక్క అరచేతిలో పండు, ఒళ్లో పొట్లం. "మొదటిసారి చూస్తున్నట్టు చూడండి" అంటోంది మేడమ్. పండు పెదవుల దగ్గరికి వెళ్లేసరికి గుమ్మంలోంచి అరిచాను. "ఆగండి! పొటాషియం!"

మేడమ్ ముఖం పాలిపోయింది. పొట్లాలన్నీ తనే ఏరుకుంది. "తప్పు నాదే. డాక్టరుగారిని అడగాల్సింది" అంది. రమణగారే ఇవ్వమన్నారని అనలేదు. నా గెలుపు అక్కడే చప్పబడింది. బాలమణక్క సంచీలోంచి జాకెట్ గుండీలు తీసి తలా ఒకటి పంచింది. "సూసుడే గద మేడమ్ పని? గీటిని సూస్తం."

తర్వాతి ఏడాది హెర్నియా ఆపరేషన్‌కి నేను మూడు వారాలు సెలవు పెట్టాను. ఇంటి నుంచి రోజు విడిచి రోజు మేరీకి ఫోన్ చేసేవాణ్ని. బాలమణక్క ఒక్కసారీ మానలేదు.

"నా గురించి అడగనే లేదా?" అన్నాను.

"అడిగిందన్నా. నీ కుట్లు సక్కగ ఏసిర్రా అని."

ఈ కేసు నాకు నేర్పింది ఇది. పేషెంటు "నువ్వే కావాలి" అంటే అది పొగడ్త కాదు, ప్రమాదం. నా కథ సూదిని మరిపించేది, నిజమే, కానీ కథ చెప్పేవాడు జ్వరంతో పడుకున్న రోజున ఆమె చేతిలో ఏమీ మిగల్లేదు. కొత్తగా చేరినవాళ్లకు ఇప్పుడు చెబుతుంటాను, ఏ పేషెంటునూ మీ ఒక్కరి చేతికే అలవాటు చేయకండని.

ఇక ఒట్టు సంగతి. ఒక్కచోట కల్పించాను. "ఆగండి" అన్నది నేను కాదు. నేను గుమ్మంలో చేతులు కట్టుకుని, ఎవరో ఒకరు నోట్లో వేసుకుంటే తప్పు గట్టిపడుతుంది, అప్పుడు అరుద్దామని కాచుకుని ఉన్నాను. పండును ముక్కుదాకా తెచ్చి ఆగిపోయింది బాలమణక్క. "మేడమ్, గిది మాకు పడదు. పొటాషియం" అన్నది ఆమే.

ఆ తర్వాత మంచమెక్కి, మేరీని కాదని నన్ను పిలిచింది.

"నీకు ముందుగాల్నే ఎర్క గద తమ్మీ?"

నోట్లో మూడు కథలు సిద్ధంగా ఉన్నాయి.

"తెలుసక్కా" అన్నాను.

జాకెట్ చెయ్యి పైకి మడుచుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

"ఊఁ, గుచ్చు."