తప్పు ప్రశ్నకి అత్త రాసిన జవాబు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై ఏళ్లు, చేతిలో ఫోను, ఆ ఫోనులో దేశదేశాల సినిమాలు, అమలాపురంలో డిగ్రీ మూడో సంవత్సరం. కుర్రాడు చెడిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా ఆ రోజు నేను చేసిన తప్పుని వయసు మీదకీ సినిమా పిచ్చి మీదకీ నెట్టను. మా అత్త నన్ను నమ్మి రాసిచ్చిన కాగితాలని ముప్ఫై మంది ముందు విప్పి చదివాను. వాళ్లు నవ్వితే నేనూ నవ్వాను. అక్కడి దాకా ఎలా వెళ్లానో చెప్పడమే ఇక మిగిలింది. (ఇది రాస్తానంటే అత్త ఒప్పుకుంది. "నీ పరువు పోయే చోట్లు మాత్రం కోసెయ్యకు" అని ఒక్కటే షరతు పెట్టింది.)

మా కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ అని ఒక సబ్జెక్టు ఉండేది. అది చెప్పడానికి వచ్చే మాస్టారికి మేము 'మొదటి షాట్ మాస్టారు' అని పేరు పెట్టాం. ఏ సినిమా గురించి అడిగినా "మొదటి షాట్ ఏమిటి?" అనేవారు. అది చెప్పలేకపోతే ఆ సినిమా మనం చూడనట్టే లెక్క. ఆయన ఆ ఏడాది ఇచ్చిన ప్రాజెక్టు ఏమిటంటే, చిన్నతనం దాటి పెద్దయ్యే ఒక మనిషి కథకి సినిమా తీస్తే దాని మొదటి మూడు నిమిషాలు ఎలా ఉండాలో రాసి, బొమ్మలు గీసి, క్లాసులో నిలబడి చెప్పాలి. దానికి ముందు రీసెర్చి చెయ్యాలి. కనీసం ముగ్గురు మనుషుల్ని "ఇంక నేను చిన్నపిల్లని కాదు అని మీకు అనిపించిన రోజు ఏది?" అని అడిగి జవాబులు రాయించుకు రావాలి. ఆయన చెప్పిందంతా ఇంగ్లీషులో. ఇళ్లలో అడగాలి కాబట్టి తెలుగులో రాసుకోమన్నారు.

తెలుగు అనేసరికి నాకు ఎక్కడ లేని హుషారు వచ్చింది. స్కూల్లో వ్యాసరచన బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి మరి. 'పెద్దయిన రోజు' అంటే చప్పగా ఉందనిపించింది. కొంచెం బరువైన మాట కోసం వెతికి వెతికి ఇలా రాశాను: "మీరు పెద్దమనిషి అయిన రోజు మీకు గుర్తుందా? ఆ రోజు ఏం జరిగిందో వివరంగా రాయండి." రాసి, రెండుసార్లు పైకి చదువుకుని, నా భాషకి నేనే మురిసిపోయి, జెరాక్సులు తీయించాను. మన ఇళ్లలో ఆడవాళ్ల దగ్గర ఆ మాటకి అర్థమేమిటో పదేళ్ల పిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. కానీ నా బుర్రలో అప్పుడు మా ఊరి తగువులు తీర్చే పంచె కట్టిన పెద్దమనుషులు తప్ప ఇంకెవరూ లేరు.

పోనీ మొదటి రెండు కాగితాలైనా నన్ను కాపాడలేదు. రెండూ మగవాళ్లకే ఇచ్చాను. ఓడలరేవులో బోటు నడిపే మా మావయ్య కాగితం చదివి తల గోక్కున్నాడు. "పెద్దమనిషా? నేనింకా కాలేదు బాబూ. మొన్న చెరువు గట్టు తగువుకి రమ్మంటే ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లేను. టీ ఇచ్చి, కూర్చోబెట్టి, నన్నేమీ అడక్కుండానే పంపించేసేరు" అన్నాడు. మా నాన్నయితే కాగితం తిరిగి ఇచ్చేసి, "మీ అమ్మ ఉండగా ఈ ఇంట్లో నేనెప్పుడవుతానురా?" అన్నాడు. ఇద్దరి జవాబులూ రాసుకుని మూడో కాగితంతో రాజోలు బస్సెక్కాను.

రాజోలులో ఉండేది మా నాన్నకి అక్క. హైస్కూల్లో లెక్కల టీచరు. మా ఇంట్లో అందరికీ లెక్కల అత్త. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ కాగితం చదివింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది.

"ఇది మీ మాస్టారే అడగమన్నారా?"

"ఆయ్, అత్తా. మార్కులకండీ."

"వివరంగానా?"

"ఎంత వివరంగా ఉంటే అంత మంచిదండీ."

అత్త కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. నేను పళ్లెంలో పెట్టిన పూతరేకు తింటూ ఉన్నాను. (ఆ ముఖంలోకి ఒక్కసారి చూసి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు.)

"ఎవరెవరు చదువుతారు?"

"మాస్టారు ఒక్కరేనండీ. ఇంకెవరికీ చూపించను."

"చదువు కోసం అంటున్నావు గనక రాస్తాను. వారం ఆగి రా."

వారం తర్వాత వెళితే అంటించిన కవరు చేతిలో పెట్టింది. నేను దాన్ని విప్పలేదు. మాట మీద గౌరవంతో అని చెప్పుకుంటే బాగుండేది, కానీ అసలు కారణం తీరిక లేకపోవడం. ఆ వారమంతా నా మూడు నిమిషాల సినిమా పనిలో ఉన్నాను. కొబ్బరితోటల పైనుంచి పక్షిలా ఎగిరే షాట్ కావాలి, డ్రోను లేదు. అందుకని కాయలు కోసే దోటి చివర ఫోను కట్టి పైకెత్తాను. మూడో ప్రయత్నంలో అది పంటకాలవలో పడింది. రెండు రోజులు బియ్యం డబ్బాలో పడుకున్నాక ప్రాణమైతే వచ్చింది గానీ, ఆ తర్వాత ఏది తీసినా నాచు పట్టినట్టు పచ్చగా వచ్చేది. "ఇది మన కోనసీమ కలర్ టోన్" అని స్నేహితులతో చెప్పుకున్నాను.

ప్రాజెక్టు రోజు వచ్చింది. బోర్డు ముందు నిలబడి నా బొమ్మలు ఒక్కొక్కటే చూపించాను. సూర్యోదయం, గోదావరి, కొబ్బరిచెట్లు, చెట్ల మధ్య సైకిలు మీద ఒక అబ్బాయి, మళ్లీ కొబ్బరిచెట్లు. మాస్టారు ఓపిగ్గా అంతా విని, "అబ్బాయి బాగానే ఉన్నాడు గానీ, ఇది సినిమా మొదలా, కొబ్బరినూనె ప్రకటనా?" అన్నారు. క్లాసు ఘొల్లుమంది. "రీసెర్చి ఏదీ? నువ్వు అడిగిన మనుషులెక్కడున్నారు ఇందులో?" అన్నారు. పరువు పోయిన కంగారులో సంచిలోంచి కవరు తీశాను. "ఉందండీ. మా అత్త రాసిచ్చేరండీ, ఆవిడ టీచరు" అని అక్కడే చింపి, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను. మాస్టారు ఒక్కరే చూస్తారన్న మాట అప్పుడు నాకు గుర్తుందా అంటే, ఉంది.

"నేను పెద్దమనిషి అయినప్పుడు నాకు పదమూడేళ్లు. మనం చర్చికి, ప్రార్థనకి వెళ్లేవాళ్లమే అయినా మీ నానమ్మ ఈ పద్ధతి మాత్రం మానలేదు. తాటాకు చాప వేసి వెనక గదిలో కూర్చోబెట్టింది..."

మొదటి వాక్యానికే వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. మూడో వాక్యానికి నాకు అర్థమైంది, నేను అడిగిందేమిటో, ఆవిడ చదివిందేమిటో. అక్కడ ఆపొచ్చు. ఆపలేదు. అంతవరకూ ఆ క్లాసు నన్ను చూసి నవ్వింది, ఇప్పుడు ఇంకొకరిని చూసి నవ్వుతోంది. ఆ ఊరట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నువ్వుల చిమ్మిలి ఉండలు తినిపించిన సంగతి దాకా చదివి, కాగితం దించి, నేనూ నవ్వి, "మా అత్తకి ప్రశ్న అర్థం కాలేదండీ. పాతకాలం మనిషి కదా" అన్నాను.

రెండో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. రాజోలు నుంచి బస్సులో వచ్చే అమ్మాయి. ఏడాదంతా నాతో రెండు మాటలు మాట్లాడి ఉండదు.

"మాకు టెన్తులో లెక్కలు చెప్పింది ఆవిడే. ఆవిడకి ప్రశ్న అర్థం కాకపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏదీ, నువ్వేం అడిగేవో అది చదువు."

"అది... అంటే..."

"చదవవయ్యా. జవాబు చదివేవు కదా, ప్రశ్న చదవడానికేం?"

చదివాను. ఎవరూ నవ్వలేదు. మాస్టారు వచ్చి నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, ఏమీ చూడకుండానే మడిచి, కవరులో పెట్టి తిరిగి ఇచ్చేశారు. "ఇవి నా కోసం రాసినవి కావు. నువ్వు ఒక్కడివీ ఎక్కడైనా కూర్చుని చివరిదాకా చదువుకో" అన్నారు. బయటికి వచ్చాక ఆ అమ్మాయిని, "రాజోల్లో ఎవరితోనూ అనకు" అని బతిమాలాను. "నేననను. నువ్వు వెళ్లి చెప్పుకో" అని బస్సెక్కేసింది.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని చదివాను. అత్త అనుమతితోనే ఆ భాగం ఇక్కడ రాస్తున్నాను.

"నువ్వు అడిగిన మాటకి జవాబు మొదటి పేజీలో రాశాను. కానీ మీ మాస్టారు అడగదలచుకున్నది ఇది కాదేమో అనిపించి రెండో పేజీ కూడా రాస్తున్నాను. నేను చాప మీద ఉండగానే వచ్చిన ఆదివారం కొత్తపేటలో గురుకుల పాఠశాల ప్రవేశ పరీక్ష. నా హాల్ టిక్కెట్టు గూట్లోనే ఉండిపోయింది. చాప మీంచి లేవనివ్వలేదు. సాయంత్రం మీ నాన్న, పక్కింటి పిల్ల రాసొచ్చిన ప్రశ్నపత్రం అడిగి తెచ్చి తలుపు సందులోంచి లోపలికి తోశాడు. పలక లేదు. సుద్దముక్కతో నేల మీద అన్ని లెక్కలూ చేశాను. రెండు తప్ప అన్నీ వచ్చాయి. మీ తాతయ్య తలుపు బయట నిలబడి 'ఎన్ని వచ్చేయమ్మా?' అని అడిగారు. చెప్పాను. కాసేపటికి చెప్పుల చప్పుడు వీధిలోకి వెళ్లిపోయింది. నేల తుడిచేసుకున్నాను. నేను పెద్దదాన్నయింది చాప వేసిన రోజున కాదు. ఆ సాయంత్రం."

తప్పు ప్రశ్న లోపల ఉన్న అసలు ప్రశ్నని కూడా పట్టుకుని జవాబు రాసిన మనిషిని పట్టుకుని, అర్థం కాలేదన్నాను.

ఆ ఆదివారం రాజోలు వెళ్లాను. అత్త అప్పుడే చర్చి నుంచి వచ్చి, బైబిలు బల్ల మీద పెడుతోంది. నన్ను చూసి, "మార్కులు వచ్చేయా?" అంది. నిలబడే అంతా చెప్పాను. కవరు బల్ల మీద పెట్టాను.

"ఎందాకా చదివేవు?"

"చిమ్మిలి దాకానండీ."

"లెక్కల దాకా రాలేదా?"

"రాలేదండీ."

"నవ్వేరా?"

"నవ్వేరండీ."

"నువ్వు?"

బస్సులో వస్తూ ఈ ఒక్క ప్రశ్నా అడగకపోతే బాగుండునని మొక్కుకున్నాను. ఆవిడ లెక్కల టీచరు, ఒక్క స్టెప్పు కూడా దాటెయ్యదు.

"నేనూ నవ్వేనండీ."

అత్త లోపలికి వెళ్లిపోయింది. చాలాసేపు రాలేదు. వెళ్లిపోవాలో ఉండాలో తెలియక అక్కడే నిలబడ్డాను. వచ్చినప్పుడు కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు ఎప్పటిలాగే ఉంది.

"పబ్లిక్ పరీక్షల్లో ప్రశ్న తప్పుగా ఇస్తే ఏం చేస్తారో తెలుసా?"

"తెలీదండీ."

"ప్రయత్నించిన ప్రతి పిల్లకీ పూర్తి మార్కులు కలుపుతారు. నాకు పూర్తిగా రావాలి. నీ సంగతి నువ్వే చూసుకో." ఆ తర్వాత, "చేతులు కడుక్కో. చేపల పులుసు ఉంది" అంది. అంత కష్టపడి మింగిన అన్నం నా జన్మలో మళ్లీ తినలేదు.

మర్నాడు క్లాసులో మాస్టారిని అడిగి అదే బోర్డు ముందు నిలబడ్డాను. ప్రశ్న తప్పు నాదని, ఎవరికీ చూపించనని మాటిచ్చి తప్పానని, మా అత్తకి అర్థం కాలేదన్నది అబద్ధమని చెప్పాను. రెండో పేజీలో ఏముందో చెప్పలేదు, అది చెప్పే హక్కు నాకు అప్పుడు లేదు. నా రీసెర్చి మార్కులు తీసెయ్యమని మాస్టారిని అడిగాను. ఆయన ఏమాత్రం మొహమాటపడకుండా తీసేశారు. (బతిమాలి వద్దంటారేమోనని కొంచెం ఆశపడ్డాను. అదీ నిజమే.)

సినిమాలు తియ్యలేదు. అమలాపురంలో ఫంక్షన్ల వీడియోలు తీస్తున్నాను, ఇప్పుడు డ్రోను కూడా ఉంది. పెళ్లిళ్లతో పాటు ఓణీల ఫంక్షన్లకీ పిలుస్తారు. వీధి చివర ఫ్లెక్సీ, దాని మీద ఆ పిల్ల ఫొటో, చుట్టూ బంధువుల ఫొటోలు. కెమెరా బిగించే ముందు నేను ఒక్క నిమిషం ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, వాళ్లమ్మ పక్కన ఉండగానే, "అమ్మా, నిన్ను వీడియో తియ్యమంటావా, వద్దా?" అని అడుగుతాను. అసిస్టెంట్లు చాటుగా నవ్వుకుంటారు. చాలామంది పిల్లలు సంతోషంగా తీయించుకుంటారు, పాటలు కూడా వాళ్లే చెబుతారు.

కిందటేడు కాట్రేనికోన దగ్గర ఒక పిల్ల మాత్రం తల ఎత్తకుండా "వద్దండీ" అంది. వాళ్లమ్మ ఒక నిమిషం కూతురి వంక చూసి, నాకు మాత్రమే వినపడేలా "దాని ఇష్టమేనండీ" అంది. ఆ రోజంతా మేనమామల్నీ, పులిహోర గంగాళాన్నీ, వడ్డించేవాళ్లనీ, సన్నాయి వాళ్లనీ ఎంత శ్రద్ధగా తీశానో చెప్పలేను. వారం తర్వాత వాళ్ల నాన్న ఫోను చేశాడు.

"వీడియో అంతా చూసేమండీ. బాగుందండీ. మా అమ్మాయి ఏదండీ?"

"స్టేజీ వైపు పెట్టిన కెమెరాలో కార్డు పాడైపోయిందండీ. నాదే తప్పండీ, క్షమించాలి" అన్నాను.

ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ ఆయ్, ఆయ్ అంటూ విన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా అబద్ధం నాలిక మీదకి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే సిగ్గూ వస్తుంది, నవ్వూ వస్తుంది. ఆ ఫోను సంగతి అత్తకి ఇంకా చెప్పలేదు.