కుట్లు విప్పిన చెయ్యి

ఆ వీధిలో బట్టలు కుట్టే ఆమెకి పని నేర్పింది అత్తగారే. రెండేళ్లుగా అత్తగారికి మతిమరుపు జబ్బు. కోడల్ని పోల్చుకోలేదు గానీ, కత్తెర కనిపిస్తే చాలు, ఆవిడ చేతులు ఊరుకోవు.

ఆ రోజు సాయంత్రానికి ఇవ్వాల్సిన గౌను కుట్టడం పూర్తిచేసి, కోడలు మంచినీళ్లు తాగడానికి లేచింది. తిరిగొచ్చేసరికి పెద్దావిడ కుట్లన్నీ విప్పేసి కూర్చుంది. కోడలికి ఒళ్లు మండిపోయింది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు!" అంటూ ఆ చేతి మీద చెళ్లున కొట్టింది. అత్తగారిని అలా ఏకవచనంలో పిలవడమూ అదే మొదటిసారి.

పెద్దావిడ ఏడవలేదు. చేతిని ఒళ్లో దాచుకుంది.

కాసేపయ్యాక కోడలు పాలు తెచ్చి, పక్కన కూర్చుని తాగించింది. పెద్దావిడ గుమ్మం వైపోసారి చూసి, గొంతు తగ్గించింది.

"అమ్మాయ్, ఇందాక ఇక్కడొకావిడ నన్ను కొట్టింది."

కోడలు పాలగ్లాసు కింద పెట్టింది.

"మా కోడలికి మాత్రం చెప్పకమ్మా. నన్నెవరైనా ఒక్క మాటంటే ఊరుకోదు, గొడవకెళ్తుంది."

"చెప్పనండీ," అంది కోడలు తలెత్తకుండా.

సాయంత్రం గౌను కోసం వచ్చినావిడ, "ఇంకా అవలేదా? మీ అత్తగారేమైనా పాడుచేశారా?" అని అడిగింది.

"లేదండీ, తప్పు నాదే," అంది కోడలు. ఆ మాట అనాల్సిన మనిషితో అనలేకపోయినందుకు మరింత సిగ్గేసింది.