ముళ్ళన్నీ విప్పించిన సేటమ్మ

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల పొగ ఇంకా కొత్తగా, కాస్త గౌరవంగా కూడా ఉన్న కాలమది. కాలేజీలో కప్పను కోసి మార్కులు తెచ్చుకున్న పిల్ల మనుషులకూ పనికొస్తుందని అప్పట్లో నమ్మేవారు. ఆ నమ్మకంతోనే, ఫ్యాక్టరీ ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా నాన్న నన్ను నర్సు ట్రైనింగుకు పంపారు. ఆ నమ్మకంతోనే సంగారెడ్డిలో ఒక ఆస్పత్రివాళ్ళు కాన్పుల వార్డులో వేశారు. నమ్మనిది మా పెద్దసిస్టర్ ఒక్కతే. ఆర్నెల్లు చూసి ఆవిడ పనికిరాదంటే ఇంటికే. నేను అప్పటికే ఒక గాజుసీసా పగలగొట్టి, ఒక బాలింత కంటే ముందు నేనే ఏడ్చి, ఆవిడ దృష్టిలో బాగానే పడ్డాను. "ఇంకొక్క తప్పు చూస్తాను," అంది. నాకేమో ఇంటికెళ్ళి టైపు నేర్చుకోవాలని లేదు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం, బజారులో ధాన్యం వ్యాపారం చేసేవాళ్ళ సేటమ్మ తన కూతుర్ని తొలికాన్పుకు తీసుకొచ్చింది. మధ్యాహ్నమైనా నొప్పులే తప్ప బిడ్డ రాదు. "అంతా సరిగానే ఉంది, తొలిచూలు కదా, ఆలస్యమవుతుంది," అని పెద్దసిస్టర్ నన్ను ఆ అమ్మాయి దగ్గర కూర్చోబెట్టి పక్కగదికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ హెచ్చరించింది: చుట్టాలెవరూ గుమ్మం దాటకూడదు, కొప్పుకు వేసుకున్న నెట్టులోంచి నా వెంట్రుక ఒక్కటీ బయటికి రాకూడదు.

సేటమ్మ గుమ్మం దాటలేదు. గుమ్మంలో నిలబడే రాజ్యం చేసింది. కాన్పు కష్టమైతే చుట్టుపక్కల ముడి గానీ తాళం గానీ ఉండకూడదని వాళ్ళ నమ్మకం. ముందు కొడుకును దుకాణానికి తరిమి గోదాము తాళాలు తీయించింది, బస్తాల మూతులు విప్పించింది. (ఆ రోజు బజారు పిచ్చుకలకు పండగ.) తర్వాత వరండాలో పరదాల తాళ్ళు, పక్కవాళ్ళ సద్దిమూటలు, ఆఖరికి కాంపౌండరు బూట్ల లేసులు. ఆయన పాపం, "ఇదేందమ్మా, మందులిచ్చేటోణ్ణి!" అంటూనే విప్పుకున్నాడు. ఇక మిగిలింది నేను.

"ఓ బిడ్డా, గా కొప్పు ఇప్పు. గంత గట్టిగ బిగిస్తే నా పిల్లకు ఎట్ల కాన్పైతది?"

"ఇది కొప్పు కాదమ్మా, నా ఉద్యోగం."

"ఉద్యోగం మల్ల ముడేస్కో. జల్దీ ఇప్పు!"

నేను చదివిన పుస్తకాల్లో కొప్పుకీ కాన్పుకీ ఏ సంబంధమూ లేదు. ఆ మాటే చెప్పబోతుంటే మంచం మీది పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పక్కా, జెర నీకు పుణ్యముంటది. మా అమ్మ గిట్ల పరేషాన్ అయితుంటే నాకింక భయమైతుంది." సైన్సు ఓడిపోయింది. నెట్టు లాగి పిన్నులన్నీ తీసేశాను. నూనె ఓడుతున్న జుట్టంతా మొహం మీద పడింది. ఆ పిల్ల పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వింది. "అక్కా, బోనాలల్ల అమ్మవారొచ్చి శిగమూగేదాని లెక్కున్నవ్!" ఆ నవ్వు మధ్యలోనే పెద్ద నొప్పి. నేను పెట్టిన కేకకు పెద్దసిస్టర్ పరిగెత్తుకొచ్చింది. కాసేపట్లో ఆడపిల్ల పుట్టింది. గొంతు అచ్చం అమ్మమ్మదే.

బిడ్డను తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టాక పెద్దసిస్టర్ నన్ను చూసింది. "ఏమిటీ అవతారం?" జవాబు గుమ్మంలోంచి వచ్చింది: "నేనే ఇప్పిచ్చిన. నువ్వు గూడ ఇప్పినుంటే పొద్దుగాలనే అయిపోతుండె, సిస్టరమ్మా!"

పెద్దసిస్టర్ గోడవైపు తిరిగింది. భుజాలు కదులుతున్నాయి. అది కోపమనుకుని నేను మనసులోనే టైపు మిషను ముందు కూర్చున్నాను. తీరా ఇటు తిరిగేసరికి ఆవిడ నవ్వుతో నీళ్ళొచ్చిన కళ్ళు తుడుచుకుంటోంది. "వెళ్ళి జుట్టు ముడేసుకో. రేపట్నుంచి తొలిచూలువాళ్ళ దగ్గర నువ్వే కూర్చో. ఆ పిల్ల నవ్వు పక్కగదిలోకి వినబడింది. నా దగ్గర ఎవరూ నవ్వరు."

ఏళ్ళు గడిచి నేనూ పెద్దసిస్టర్నయ్యాను. చుట్టాలు గుమ్మం దాటకూడదన్న రూలును అక్షరాలా పాటించాను. అయితే గుమ్మానికి అవతల ఎవరో ఒక స్టూలు వేశారు, కూర్చున్న తల్లికి లోపలి మంచం మీది కూతురు కనిపించేంత దగ్గరగా. ఎవరు వేశారని కొత్తగా చేరిన నర్సుపిల్లలు అడిగితే విచారణ జరిపిస్తానని కటువుగా చెప్పేదాన్ని. రిటైరయ్యేదాకా ఆ విచారణ పూర్తికాలేదు.